వెయ్యి మీటర్ల గుర్తు

1988లో, వానాకాలానికి రెండు నెలల ముందు, నన్ను యాంగోన్ నగరంలోని బోటాటౌంగ్ రేవు పక్కనున్న వాతావరణ పరిశీలన కేంద్రానికి సీనియర్ అబ్జర్వర్‌గా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు పద్నాలుగేళ్ళు. కేంద్రం అంటే పెద్ద భవనం ఏమీ కాదు. ఒక పాత గోడౌను మీద రెండు గదులు, వాటి పైన డాబా. డాబా మీద తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో థర్మామీటర్లు, పక్కన వాన కొలిచే పాత్ర, గాలి ఎటు వీస్తుందో చూపే ఇనుప బాణం. సిబ్బంది నలుగురం. ఇన్‌ఛార్జి ఉ ఖిన్ మౌంగ్, ఆయన కింద నేను, నా కింద ఇద్దరు అబ్జర్వర్లు. ‘ఉ’ అంటే మన ‘గారు’ వంటిది, అక్కడ పేరుకు ముందు పెడతారు. ఆ లెక్కన ఆఫీసులో నేనూ ఉ సో మ్యింట్‌నే. సూర్యనారాయణ అన్న అసలు పేరు తాకేటా పేటలోని మా ఇంటి గుమ్మం దాటి బయటికి వచ్చేది కాదు.

పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. ప్రపంచంలోని పరిశీలన కేంద్రాలన్నీ ఒకే నిమిషానికి ఆకాశాన్ని చూడాలని ఒక ఒప్పందం ఉంది. ఆ ముఖ్యమైన వేళ యాంగోన్‌లో పొద్దున్న ఆరున్నర అవుతుంది. ఆరూ ఇరవైకి డాబా ఎక్కి, ఉష్ణోగ్రత, గాలి, మేఘాలు, చివరగా విజిబిలిటీ, అంటే చూపు ఎంత దూరం ఆనుతుందో చూసి, కోడు అంకెల్లో రిజిస్టరులో రాయాలి. విజిబిలిటీకి యంత్రం లేదు. అబ్జర్వరు కళ్ళే యంత్రం. డాబా గోడ మీద ఒక బల్ల ఉండేది. దాని మీద చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు, వాటి దూరాలు రాసి ఉండేవి. రేవు క్రేను వంద మీటర్లు, కొయ్యల డిపో రేకుల కప్పు ఐదువందలు, తూర్పున పజున్‌డౌంగ్ కాలువ నదిలో కలిసే మూల దగ్గరి బియ్యం మిల్లు పొగగొట్టం వెయ్యి. ఏది కనిపిస్తే అంత దూరం. వెయ్యి మీటర్ల లోపు ఆగిపోతే దాన్ని పొగమంచు అని రాయాలి. వెయ్యి, ఆ పైన కనిపిస్తే అది వట్టి మంచుతెర. ఈ రెండింటి మధ్య తేడా ఆ మిల్లు పొగగొట్టమే.

ఇంకొక చిన్న నియమం. ఏ కారణం చేతనైనా ఏదైనా చూడలేకపోతే, ఆ గడిలో అంకె వేయకూడదు, ఖాళీగానూ వదలకూడదు. రెండు ఏటవాలు గీతలు గీయాలి. ‘పరిశీలించలేదు’ అని దాని అర్థం. శిక్షణలో ఈ గీతల గురించి చెప్పినప్పుడు మేమెవరం పెద్దగా పట్టించుకోలేదు. గీతలు గీసేవాడు పని ఎగ్గొట్టినవాడన్నది మా లెక్క.

మేం చదివిన పాఠ్యపుస్తకం ఏదో చల్లని దేశంలో రాసింది. అందులో పొగమంచు అధ్యాయమంతా వేసవి గురించే. వెచ్చని గాలి చల్లని సముద్రం మీదికి వచ్చి, పొద్దున్నే తీరమంతా తెల్లగా కమ్ముకుంటుందని, మధ్యాహ్నానికి వెనక్కి తగ్గుతుందని ఉండేది. అదంతా కంఠస్థం చేసి పరీక్షల్లో రాసి ప్రమోషన్లు తెచ్చుకున్నాం. మా ఊళ్ళో వేసవికి మంచు లేదు, ఒళ్ళు పేలే ఎండే. మా పొగమంచు వానలు వెనకబట్టాక, చలికాలంలో వస్తుంది. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి ఆడకపోతే నేల చల్లబడుతుంది, నది మాత్రం వెచ్చగానే ఉంటుంది. తెల్లవారే వేళకి నీళ్ళ మీంచి పాల కుండ పొంగినట్టు లేస్తుంది. ఎనిమిదిన్నరకి చూస్తే ఉండదు. ఈ సంగతి పుస్తకంలో ఒక్క పేరా.

ఆ ఏడాది ఏం జరిగిందో లోకానికి తెలుసు. సైనిక పాలన పోవాలని ఆగస్టులో ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆఫీసులన్నీ సమ్మెలోకి దిగాయి. మా శాఖ వాళ్ళం కూడా బేనరు పట్టుకుని నడిచాం. నేను ముందు వరసలోనే నడిచాను, ఆ మాట దాచను. ఆ రోజుల్లో గోడౌన్ల మీద దోపిళ్ళు జరిగాయి, మిల్లు కాలిపోయింది, దాని పొగగొట్టం కూలిపోయింది. సెప్టెంబరులో సైన్యం మళ్ళీ అధికారం చేతిలోకి తీసుకుని కాల్పులు జరిపింది. వీధుల్లో ఎంతమంది పోయారో నేను లెక్క చెప్పలేను, ఆ లెక్క నా వృత్తి కాదు. తిరిగి ఆఫీసుకి వెళ్ళేసరికి మా బల్ల మీద ‘వెయ్యి’ అన్న అంకె ఉంది, దాని ఎదుట వస్తువు లేదు.

సరిహద్దులు మూసుకున్నాయి. మా అంకెలు బయటి దేశాలకి మోసుకుపోయే టెలిప్రింటరు చాలా వారాలు మూగపోయింది. తడి థర్మామీటరుకి చుట్టే సన్నని మల్లు గుడ్డ పైనుంచి రావడం ఆగిపోతే, మా అప్ప పాత చీరంచు కత్తిరించి వాడాను. ఉద్యోగులందరికీ ఒక ప్రశ్నల పత్రం ఇచ్చారు. సమ్మెలో ఏ రోజు ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అని. నేను ఇంట్లో జ్వరంతో ఉన్నానని రాశాను. అలా రాసిన అందరిలాగే నేనూ ఎవరైనా నోరు విప్పుతారేమోనని భయపడుతూ బతికాను.

అక్కని మేం అప్ప అంటాం, మా అప్ప పేరు పైడమ్మ. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆవిడే. బావ లచ్చన్న లాంచీ సరంగు. అంటే చుక్కాని పట్టేవాడూ, లాంచీకి పెద్దా అతనే. శ్రీకాకుళం నుంచి వచ్చి రేవులో బస్తాలు మోసిన తాతల సంతతి మేం అందరం. అతని లాంచీ రాత్రిళ్ళు కాలువ మూల దగ్గర, తాకేటా వైపు రేవులో కట్టి ఉండేది. పొద్దున్న మొదటి ట్రిప్పుకి కూరలమ్మేవాళ్ళనీ, కూలీలనీ నది అవతలికి తీసుకుపోయేవాడు. లాంచీలకి ఒక పద్ధతి ఉంది. ఆరున్నరకి మా కేంద్రం నుంచి రేవు గుమాస్తాకి ఫోను వెళ్తుంది. అతను విజిబిలిటీ కోడును పలక మీద సుద్దతో రాసి గుంజకి తగిలిస్తాడు. పది అంటే వెయ్యి మీటర్లు. పది గాని ఆ పైన గాని ఉంటే లాంచీలు కదులుతాయి. తక్కువైతే తాడు విప్పరాదు. సరంగు తన కళ్ళతో చూసుకోడా అని అడగవచ్చు. కాలువ మూలలో మంచు ఎప్పుడూ మందంగానే ఉంటుంది, వంద గజాలు ముందుకెళ్తే నది తేటగా ఉండవచ్చు. కింద ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. డాబా మీద ఉన్నవాడికి తెలుస్తుంది. అందుకే వాళ్ళు పలకని నమ్మేవారు.

పొగగొట్టం పోయిందని నేను ఇంట్లో తలపట్టుకుంటే బావ నవ్వాడు.

“ఒరే సూరీ, నీకు కిలోమీటరు దూరాన నల్లటిదేదో కనపడాల, అంతే కదా. మీ ఆఫీసోలికి పొగగొట్టమే కావాలేటి, గుడ్డయితే ఒల్లంటారేటి?” అన్నాడు.

మిల్లు ఉన్న చోటికీ అతని లాంచీ కట్టే చోటికీ అడుగుల తేడా. తలుపంత పాత టార్పాలిన్‌కి తారు పూసి, రెండు వెదుళ్ళ మధ్య కట్టి, రోజూ ఆరుంబావుకి లాంచీ మీద నిలబెట్టేవాడు. ఆకాశం ఎదుట నల్లని వస్తువు, సరైన దూరంలో. నియమాల ప్రకారం అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఉ ఖిన్ మౌంగ్‌ని అడిగి, బల్ల మీద పొగగొట్టం పేరు కొట్టేసి ‘లాంచీ గుడ్డ’ అని బర్మీస్‌లో రాశాను. కర్ఫ్యూ వల్ల పొద్దుటి డ్యూటీ ఉన్నవాళ్ళం వారం పాటు ఆఫీసులోనే పడుకునేవాళ్ళం. లేచి డాబా ఎక్కగానే తూర్పున ఆ నల్లటి చదరం కనిపిస్తే, ఇంటి మనిషి పలకరించినట్టు ఉండేది.

చలికాలం మధ్యలో ఒక వారం వరసగా పొగమంచు పట్టింది. మొదటి రోజు నేను ఉన్నదున్నట్టు ఏడు వందలు అని రాశాను. లాంచీలు ఆగాయి. ఎనిమిదిన్నర దాకా రేవులో జనం పోగయ్యారు. ఐదుగురికి మించి గుమిగూడరాదన్న ఆజ్ఞ అప్పుడు అమల్లో ఉంది. కాపలా సిపాయిలు జనాన్ని తరమడం, జనం కేకలెయ్యడం జరిగింది. ఆ మధ్యాహ్నం ఉ ఖిన్ మౌంగ్‌ని ఎక్కడికో పిలిపించారు. ఆయన మర్యాదస్తుడు, సిబ్బంది మీద ఒక్క మాట తూలనివాడు. తిరిగొచ్చి, తలుపు వేసి, ఈ వారం విజిబిలిటీ వెయ్యికి తగ్గకూడదని చెప్పాడు. పొగమంచు ఉంటే లాంచీలు ఆగుతాయి, లాంచీలు ఆగితే జనం చేరతారు, జనం చేరితే దానికి మన శాఖ జవాబు చెప్పాల్సి వస్తుందన్నాడు. రాతమూలకంగా ఇవ్వగలరా అని అడిగాను. దానికి ఆయన, నా ప్రశ్నల పత్రం తన బీరువాలోనే ఉందని, తాను దాన్ని ఇంకా పైకి పంపలేదని అన్నాడు. బెదిరించినట్టు అనలేదు. ఆయనకీ భయంగానే ఉంది.

మర్నాటి నుంచి వెయ్యి అని రాశాను. మూడు రోజులు గుడ్డ కనిపించలేదు, అయినా రాశాను. మంచు మరీ మందం కాదు, లాంచీలు గంట కొట్టుకుంటూ నెమ్మదిగా వెళ్ళాయి, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నన్ను చెడగొట్టింది. గుడ్డ అక్కడ ఉందని నాకు తెలుసు, కనిపించడమే తక్కువ, ఇది పెద్ద అబద్ధం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. సరంగు మా బావే కదా, జాగ్రత్త తెలిసినవాడు కదా అనీ అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న డాబా మీద నా చెయ్యి చాపితే వేళ్ళు మసకగా కనిపించాయి. వంద మీటర్ల క్రేను లేదు. నదీ లేదు, ఊరూ లేదు. రిజిస్టరులో ఆ గడి దగ్గర పెన్ను పెట్టి కొంతసేపు ఉన్నాను. రెండు గీతలు గీయవచ్చని నాకు గుర్తుకు వచ్చింది. మంచులో గుర్తులేవీ ఆనలేదని, పరిశీలన కుదరలేదని రాస్తే అది నియమ విరుద్ధం కాదు, పొగమంచు అన్న మాటా ఉండదు. పలక మీద అంకె లేకపోతే లాంచీ కదలదు. మళ్ళీ జనం చేరతారు. బీరువా గుర్తొచ్చింది. పది అని రాసి, ఫోను చేసి చెప్పాను.

ఏడు కాకముందే, నది మధ్యలో లంగరు వేసి ఉన్న ధాన్యం పడవని లచ్చన్న లాంచీ గుద్దింది. ముగ్గురు నీళ్ళలో పోయారు. అందులో ఒకామె మా ఇంటి లైనులోనే ఉండే కూరలమ్మి, చంటిపిల్ల తల్లి. మిగతావాళ్ళని ధాన్యం పడవ వాళ్ళు పైకి లాగారు. బావని రేవు గట్టు మీదే అరెస్టు చేశారు.

నాలుగు రోజుల్లో విచారణ పెట్టారు. ఒక సైనికాధికారి, ఇద్దరు రేవు ఆఫీసర్లు. నా రిజిస్టరు బల్ల మీద ఉంది. విజిబిలిటీ వెయ్యి మీటర్లు ఉండగా అంత పెద్ద పడవని గుద్దాడంటే అది సరంగు నిర్లక్ష్యమే, అందులో వాదించేది ఏమీ లేదు. ఇది నీ రాతేనా అని నన్ను అడిగారు, నాదే అన్నాను. ఏ వస్తువు చూసి రాశావన్నారు. లాంచీ గుడ్డ చూసి రాశానన్నాను. అప్పుడు ఆ అధికారి బావ వైపు తిరిగి, ఆ రోజు గుడ్డ కట్టావా అని అడిగాడు. బావ నా వైపు చూడలేదు. కట్టానని బర్మీస్‌లో ఒక్క ముక్క చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు. నేను కింద సాక్షి సంతకం పెట్టాను. ఆ జవాబుకి ఎంత బరువుందో అప్పుడు నాకు తెలియదు. తెలిసినా నోరు విప్పేవాణ్ణా అంటే, విప్పేవాణ్ణని ఇప్పుడు రాసుకోవడం తేలిక, అందుకే రాయను. అతనికి ఐదేళ్ళ జైలు పడింది.

మూడు నెలల తర్వాత ములాఖత్‌కి వెళ్ళాను. కటకటాల అవతల బావ సగం అయిపోయి ఉన్నాడు. నేను మాట్లాడకముందే అతనే పలకరించాడు.

“ఏటి సూరీ, అలాగయిపోనావు? అప్ప కూడెడతన్నాది కదా?”

నేను వెయ్యి అని అబద్ధం రాశానని చెప్పాను. ఆ మూడు నెలల్లో ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదటిసారి. అతను తల ఊపాడు.

“తెలుసునురా. ముందు రోజు సాయంత్రం కొత్త సిపాయిలొచ్చినారు. నల్లగుడ్డ ఎవడి కోసం ఎగరేస్తన్నావని రెండు దెబ్బలేసి దింపించీసినారు. ఆ పొద్దున నాను గుడ్డే కట్టనేదు. పలక మీద పది సూసినాను. నేని గుడ్డ నీకెలా కనపడిందా అనుకున్నాను.”

మరి తాడు ఎందుకు విప్పావని అడిగాను.

“నువ్వు అలాగ రాసినావంటే నీ మెడ మీద ఎవుడో కూకున్నాడని తెలిసింది. నానెల్లనంటే ఎందుకెల్లవంటారు. గుడ్డ నేదు, ఈ పది అబద్ధమని సెప్పాల. అప్పుడు నిన్నట్టుకుపోతారు. మెల్లగా ఎల్లిపోదునని ఇప్పీసినాను. ఆ ముగ్గురి పాపం నాదీ ఉన్నాది, నీ ఒక్కడిదే కాదు.” కటకటాలకి దగ్గరగా జరిగి అన్నాడు. “ఇసారణలోనూ అంతే. ఇద్దరం ఈడ కూకుంటే మీ అప్పకీ పిల్లలకీ ముద్దెవుడెడతాడు?”

టైమైపోయిందని వార్డరు కర్రతో కటకటాల మీద తట్టాడు. ఈ సంగతి అప్పకి చెప్పొద్దని బావ ఒట్టు పెట్టించుకున్నాడు.

మూడో ఏడు చలికాలంలో అతను జైల్లోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. శవాన్ని ఇవ్వలేదు, కబురు మాత్రం ఇచ్చారు. నేను ఉద్యోగంలో ఉన్నాను. ఉ ఖిన్ మౌంగ్ రిటైరయ్యే రోజు నా ప్రశ్నల పత్రాన్ని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో నేను ఇన్‌ఛార్జినయ్యాను. అప్ప పిల్లలిద్దర్నీ చదివించాను. అప్ప నాకు రోజూ కేరేజీ కట్టి పంపేది, నేను తినేవాణ్ణి.

నేను రిటైరైన ఏడాది, ఒట్టు సంగతి పక్కన పెట్టి, ఒక పొద్దున్న అప్పకి అంతా చెప్పేశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. చివరిదాకా విని, లేచి లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది. తారు పూసిన టార్పాలిన్. మడతల దగ్గర తారు పెళుసెక్కి రాలుతోంది.

“సిపాయిలు దింపించీసిన సాయంత్రం మీ బావకి కూడట్టుకెల్లినాను. ఇంటికట్టుకుపో అని ఇచ్చినాడు. ఆ రేతిరి ఇది ఈ పెట్టిలోనే ఉన్నాది” అంది. “కట్టినానని ఇసారణలో అన్నాడని నువ్వే కదరా ఇంటికొచ్చి సెప్పినావు. ఆ పూటే నాకు తెలిసిపోయింది.”

ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

“అడిగితే నువ్వెల్లిపోదువు. నానొక్కర్తినీ ఏటి సేద్దును?” అని, మళ్ళీ చేట ముందు కూర్చుంది.

ఈ వృత్తి గురించి తెలుసుకోవాలనుకునే వాళ్ళకి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. నేను రాసిన అంకె ఇప్పటికీ ఆ రిజిస్టరులో ఉంది. ఆ నెల సగటుల్లో అది కలిసిపోయింది. రికార్డుల ప్రకారం ఆ ఏడు బోటాటౌంగ్‌లో పొగమంచు పట్టిన రోజులు నాలుగు తక్కువ. దాన్ని దిద్దమని రిటైరయ్యే ముందు పైవాళ్ళకి అర్జీ పెట్టాను, జవాబు రాలేదు. ఇన్‌ఛార్జిగా ఉన్న కాలంలో కొత్తగా చేరిన ప్రతివారికీ మొదటి రోజు థర్మామీటరు కన్నా ముందు ఆ రెండు ఏటవాలు గీతలు గీయడం నేర్పాను. కనిపించింది రాయాలి. కనిపించనిది ఉందని తెలిసినా, కనిపించలేదనే రాయాలి. గుడ్డ అక్కడ ఉందని ఆ రోజు నాకు ఖాయంగా తెలుసు. అది మా ఇంట్లో, పెట్టెలో ఉంది.